పాత కలర్ టీవీ పవర్ సప్లైలో షార్టు వెతికిన వైనం

పిక్చర్ ట్యూబు ఉన్న పాత కలర్ టీవీ ఒకటి పూర్తిగా మూగబోయి నా బల్ల మీదికి వచ్చింది. వెనక మూత విప్పి మొదట ఫ్యూజును చూశాను. గాజు గొట్టం లోపలంతా నల్లగా మారి, అక్కడక్కడ లోహపు మెరుపు కనిపించింది. తీగ తెగినా గాజు శుభ్రంగా ఉంటే, కరెంటు పరిమితికి కాస్త మించిందనో ఫ్యూజుకు వయసైపోయిందనో అనుకోవచ్చు. ఇలా నల్లబడిందంటే మాత్రం తీగ క్షణంలో ఆవిరైపోయిందన్నమాట. ఎక్కడో గట్టి షార్టు ఉంది. ఇలాంటప్పుడు ఇంకో ఫ్యూజు వేసి చూద్దామనే ఆలోచనే నాకు నచ్చదు. షార్టు లేదని మీటరు చెప్పేదాకా ప్లగ్గు పెట్టకూడదు.

ఈ రకం సప్లైలో 230 వోల్టుల ఏసీ నాలుగు డయోడ్ల బ్రిడ్జి దాటి, పెద్ద కెపాసిటరులో దాదాపు 325 వోల్టుల డీసీగా నిలుస్తుంది. ప్లగ్గు తీసినంత మాత్రాన అది ఖాళీ అవుతుందని నమ్మకూడదు. 2.2 కిలో ఓముల, 10 వాట్ల రెసిస్టరును ఇన్సులేషను ఉన్న పట్టకారుతో దాని కాళ్లకు కొన్ని సెకన్లు ఆనించి, వోల్టేజీ సున్నా అని చూశాకే బోర్డు మీద చేయి పెట్టాను. స్క్రూడ్రైవరుతో ఒక్కసారిగా కలిపేవాళ్లున్నారు. ఆ నిప్పురవ్వ కెపాసిటరుకూ మంచిది కాదు, కంటికీ మంచిది కాదు. పిక్చర్ ట్యూబు మీద రబ్బరు మూత ఉన్న చోట ఇరవై వేల వోల్టులకు పైగా మిగిలి ఉండవచ్చు కాబట్టి అటువైపు వెళ్లలేదు.

కొలతలు మొదలుపెట్టే ముందు డీగాసింగ్ కాయిలు ప్లగ్గును బోర్డు నుంచి లాగేశాను. తెర మీద రంగు మరకలు రాకుండా చూసే ఈ కాయిలూ, దానితో వరుసలో ఉండే, వేడెక్కితే రెసిస్టెన్సు పెరిగే పోజిస్టరూ చల్లగా ఉన్నప్పుడు కొద్ది ఓములే చూపిస్తాయి. వాటిని వదిలేసి ఏసీ వైపు కొలిస్తే లేని షార్టు ఉన్నట్టు కనిపిస్తుంది.

మీటరును డయోడు గుర్తు మీద పెట్టి బ్రిడ్జిని చూశాను. మంచి సిలికాన్ డయోడు ఒక దిక్కున అర వోల్టు పైచిలుకు చూపి, రెండో దిక్కున ఏమీ చూపకూడదు. ఇక్కడ నాలుగు డయోడ్లూ రెండు దిక్కులా దాదాపు అర వోల్టే చూపాయి. చాలామంది ఇక్కడే నాలుగింటినీ పీకేస్తారు. నిజానికి ఈ కొలత డయోడ్లను నిర్దోషులుగా తేలుస్తోంది. డయోడు షార్టయితే సున్నా రావాలి. అర వోల్టు వస్తోందంటే, మీటరు కరెంటు పక్క డయోడు గుండా ప్లస్ లైనుకు వెళ్లి, అక్కడి నుంచి ఎక్కడో మైనస్‌కు దిగి తిరిగి వస్తోంది. అంటే ప్లస్, మైనస్ లైన్లు బ్రిడ్జి దాటాక కలిసిపోయాయి. టంకం కరిగించకుండానే సగం బోర్డును పక్కన పెట్టగలిగాను. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

తర్వాత ఓముల వెంట నడిచాను. మీటరు వైర్ల కొనలు ఒకదానికొకటి తాకిస్తే 0.3 ఓము. పెద్ద కెపాసిటరు కాళ్ల మధ్య 1.4. కెపాసిటరే షార్టయి ఉంటే అక్కడే 0.3 దగ్గర కనిపించాలి. మిగతా ఓము ఏ తీగ చుట్టలోనిది? సప్లైలో వోల్టేజీని మార్చే చాపర్ ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీది, అంటే మెయిన్స్ వైపు చుట్టది. దాని అవతలి కొసన ఉన్న స్విచింగ్ ట్రాన్సిస్టరు కలెక్టరు, ఎమిటరు మధ్య పెడితే సరిగ్గా 0.3. అంకె ఎక్కడ అతి తక్కువైతే షార్టు అక్కడ. ట్రాన్సిస్టరును ఊడదీయగానే కెపాసిటరు దగ్గర కొలత మెల్లగా పైకి ఎక్కడం మొదలుపెట్టింది. చేతిలోకి వచ్చిన ట్రాన్సిస్టరుకు మూడు కాళ్లూ ఒకటైపోయాయి.

కొత్తది వేసేస్తే పని అయిపోతుందా? ఆ ట్రాన్సిస్టరు ఊరికే చావలేదు. చంపింది ఏదో తెలియకుండా కొత్తది వేయడమంటే దాన్నీ అదే దారిన పంపడమే. అందుకే అదే ట్రాన్స్‌ఫార్మరు అవతలి చుట్ట, అంటే సెకండరీ వైపు తిరిగాను. తెర మీద అడ్డగీతలు గీయించే లైను స్టేజికి వెళ్లే 110 వోల్టుల ప్రధాన సప్లై, అంటే బి ప్లస్, గ్రౌండుల మధ్య రెండు దిక్కులా సున్నా. ఇక్కడ మొదటి అనుమానం ఎప్పుడూ లైను స్టేజిని నడిపే హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు మీదే. లోపలే డ్యాంపరు డయోడు ఉన్న రకమైతే, దాని బేస్, ఎమిటరుల మధ్య తయారీలోనే చిన్న రెసిస్టరు ఉంటుంది. అక్కడ కొద్ది ఓములు కనిపించగానే పోయిందని పారేయకూడదు. పిక్చర్ ట్యూబుకు హై వోల్టేజీ ఇచ్చే ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మరుకు వెళ్లే లైను విడదీశాను. షార్టు సప్లై వైపే ఉండిపోయింది, అంటే హారిజాంటల్ ట్రాన్సిస్టరుది తప్పు కాదు. మిగిలింది రెక్టిఫయరు డయోడు, ఫిల్టరు కెపాసిటరు, వాటి పక్కనే మామూలు డయోడులా కనిపించే ఆర్2ఎం అనే రక్షణ భాగం. దాని ఒక కాలు లేపగానే షార్టు మాయమైంది.

ఆర్2ఎం పని తెలిస్తే కథ వెనక్కి చదవవచ్చు. బి ప్లస్ దాదాపు 150 వోల్టులు దాటితే అది కరెంటును గ్రౌండుకు మళ్లించి, అవసరమైతే తానే షార్టయి, లైను స్టేజిని, పిక్చర్ ట్యూబును కాపాడుతుంది. అది పోయిందంటే బి ప్లస్ అదుపు తప్పింది. వోల్టేజీని అదుపులో ఉంచే ఫీడ్‌బ్యాక్ సర్క్యూట్‌లో, సరిగ్గా హీట్ సింకు పక్కన, 47 మైక్రోఫారడ్ల చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు ఉంది. ఊడదీసి కొలిస్తే పదో వంతు కూడా మిగల్లేదు. ఏళ్ల తరబడి వేడికి లోపలి ద్రవం ఎండిపోయింది. దాంతో బి ప్లస్ పెరిగి ఆర్2ఎం షార్టయింది, ఆ భారానికి స్విచింగ్ ట్రాన్సిస్టరు పోయింది. దాని చోట 105 డిగ్రీల రకం వేశాను. అదే వేడిలో బతికిన పక్క చిన్న కెపాసిటర్లనూ మార్చాను. ట్రాన్సిస్టరూ, ఆర్2ఎమ్మూ కొత్తవి. ఆర్2ఎం లేకపోయినా టీవీ ఆడుతుంది కాబట్టి దాన్ని తీసేసి ఊరుకునేవాళ్లు ఉన్నారు. అది నేను ఒప్పుకోను. రేపు సప్లై మళ్లీ అదుపు తప్పితే పోయేది పిక్చర్ ట్యూబు, అది మళ్లీ దొరకదు.

కరెంటు ఇచ్చేటప్పుడు ఫ్యూజు స్థానంలో, కరెంటంతా తన గుండానే పోయేలా 100 వాట్ల సిరీస్ బల్బు పెట్టాను. లైను స్టేజిని కలపకుండా, బి ప్లస్‌కు లోడుగా 60 వాట్ల బల్బు. రెండూ ఫిలమెంటు బల్బులే కావాలి, ఎల్ఈడీ ఈ పనికి రాదు. సిరీస్ బల్బు ఒక్కసారి గట్టిగా వెలిగి మసకబారింది. షార్టు మిగిలి ఉంటే పూర్తి కాంతితో వెలుగుతూనే ఉండేది. బి ప్లస్ కొలిచేటప్పుడు మీటరు నల్ల వైరు సెకండరీ గ్రౌండు మీదే ఉండాలి. ప్రైమరీ గ్రౌండుకు మెయిన్స్‌తో నేరుగా సంబంధం ఉంటుంది. దానికి పెడితే కొలతకు అర్థం ఉండదు, తాకితే ప్రాణానికే ముప్పు. మీటరు 110 దగ్గర నిలబడింది.

అప్పుడు లైను స్టేజిని, డీగాసింగ్ కాయిలును కలిపి, అసలు విలువ ఉన్న ఫ్యూజు వేశాను. హై వోల్టేజీ లేచే చిటపట వినిపించింది, కొద్దిసేపటికి బొమ్మ వచ్చింది. వెనక మూత బిగించకుండా సాయంత్రం దాకా నడిపి మళ్లీ కొలిచాను. బోర్డంతా బాగా వేడెక్కాక కూడా బి ప్లస్ 110 నుంచి కదల్లేదు.