స్ప్రింట్‌కి తిరిగి వెళ్ళే ముందు నేను వెతుక్కున్న డ్రైవింగ్ పాఠాలు

ఇంగ్లండ్‌లో మామూలు ఉద్యోగస్థులు సొంత కార్లతో పాల్గొనే పోటీల్లో స్ప్రింట్ ఒకటి. ట్రాక్ మీదికి కార్లు ఒక్కొక్కటిగా వెళ్తాయి, పోటీ టైముతోనే. పచ్చ లైటు వెలగ్గానే దూకక్కర్లేదు, మనం సిద్ధమయ్యాక కదలొచ్చు. కారు ముందు బిగించిన నిలువు పట్టీ లైను దగ్గరి కాంతి కిరణాన్ని తెంచినప్పుడే టైము లెక్క మొదలవుతుంది. ఇదే పోటీని కొండదారి మీద పెడితే హిల్‌క్లైంబ్ అంటారు. వూస్టర్‌షర్‌లోని షెల్స్‌లీ వాల్ష్ కొండ మీద 1905లో మొదలైన పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి, దారి మొత్తం వెయ్యి గజాలే. మాది రాజమండ్రి, ఉండేది కవెంట్రీలో. ఆఫీసులో ఒకాయన నన్నూ మా ఆయన్నీ లిచ్‌ఫీల్డ్ దగ్గరున్న కర్‌బరో ట్రాక్ చూడ్డానికి తీసుకెళ్ళారు. మరుసటి ఏడాదికల్లా నేను పాత మాజ్డా ఎంఎక్స్-5 ఒకటి కొనుక్కుని అక్కడే నడుపుతున్నాను.

నా పోటీలు ఆగిపోవడానికి కారణం మాత్రం ట్రాక్ మీద జరగలేదు. ఒక సాయంత్రం మోటర్‌వే మీద ముందు ట్రాఫిక్ ఆగిపోయింది, నేనూ ఆగాను, నా వెనకొస్తున్న వ్యాను ఆగలేదు. మెడనొప్పి కొన్ని నెలల్లో తగ్గింది. రోజూ వాడే కారు పనికిరాకుండా పోతే ఇన్సూరెన్సు డబ్బుతో ఇంకొకటి కొన్నాం. అంతా సర్దుకుందనుకుని గరాజ్‌లోంచి ఎంఎక్స్-5 తీసి ఊరి బయటి రోడ్ల మీదికి వెళ్తే అసలు సంగతి బయటపడింది. బ్రేకు మీద కాలు పెట్టిన ప్రతిసారీ నా కళ్ళు అద్దంలోకి పోతున్నాయి. వెనక ఎవరైనా ఉన్నారా, ఆగుతారా అని. తిరిగి ముందుకి చూసేసరికి మలుపు మీదికొచ్చేస్తోంది. ఆ గాభరాలో యాక్సిలరేటర్ మీంచి కాలు దానంతటదే లేచిపోతోంది.

ప్రమాదమంతా అక్కడే ఉంది. వెనక చక్రాలతో నడిచే కారులో మలుపు మధ్యలో ఉన్నట్టుండి కాలు తీసేస్తే బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది, వెనక టైర్ల పట్టు తగ్గుతుంది, కారు వెనక భాగం పక్కకి జారి గిర్రున తిరిగిపోవచ్చు. స్ప్రింట్‌లో నా వెనక ఇంకో కారు ఉండదని నాకు తెలుసు. తెలిసినా కళ్ళు ఆగవు.

మా ఆయన "అద్దం పైకి తిప్పేసి నడుపు" అన్నారు. అమ్మ ఫోన్లో "ఇంక ఆ పందేలెందుకే, ఆఫీసుకీ ఇంటికీ నడుపుకో చాలు" అంది. అమ్మ భయం నాకు అర్థమవుతుంది. కానీ హెల్మెట్ పెట్టుకుని స్టార్ట్ లైన్ దగ్గర కూర్చున్నప్పుడు మనసులో ఇంకేమీ ఉండదు, ముందున్న దారి తప్ప. అలాంటి చోటు నా జీవితంలో ఇంకొకటి లేదు. ఎవరో బ్రేకు వెయ్యలేదని దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

వెతకడం మొదలుపెడితే నా అవసరానికి సరిపోయే కోర్సు ఒక్కటీ కనిపించలేదు. పాస్ ప్లస్ అనేది కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళ కోసం. డ్రైవింగ్ స్కూళ్ళు "కాన్ఫిడెన్స్" పేరుతో పెట్టేవి ఏళ్ళ తరబడి స్టీరింగ్ ముట్టనివాళ్ళ కోసం. ఒక స్కూలుకి ఫోన్ చేస్తే రౌండబౌట్లు, పార్కింగ్ బాగా నేర్పిస్తామన్నారు. రేసింగ్ స్కూళ్ళ సంఘం ఏఆర్‌డీఎస్ పరీక్ష సర్క్యూట్ రేసు లైసెన్సు కావాలనుకునేవాళ్ళకి, స్ప్రింట్‌కి దాని అవసరం లేదు. ఒక రేసింగ్ కోచ్‌కి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్నే నా పాత టైము ఎంతని, ఎంత తగ్గించాలనుకుంటున్నానని. ఇంకొకాయన, ట్రాక్ డేలు (సొంత కారుతో పోటీ లేకుండా ట్రాక్ మీద తిరిగే రోజులు) వరసగా చేసెయ్యండి, నడిపేకొద్దీ భయం అదే పోతుందన్నారు. ఆ సలహా చాలామంది ఇస్తారు. నా ఉద్దేశంలో అది తప్పు సలహా. కళ్ళు తప్పుచోట చూసే అలవాటుతో ఎన్ని ల్యాపులు తిరిగితే ఆ అలవాటు అంత గట్టిపడుతుంది.

ఇక్కడ ఒక చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. రోడ్డు మీద డబ్బు తీసుకుని కారు నడపడం నేర్పాలంటే ప్రభుత్వ సంస్థ డీవీఎస్‌ఏ దగ్గర ఏడీఐగా, అంటే గుర్తింపు పొందిన డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా, నమోదై ఉండాలి. ట్రాక్ మీద ఎంత పేరున్న కోచ్ అయినా ఆ నమోదు లేకపోతే రోడ్డు మీద పాఠానికి డబ్బు తీసుకోకూడదు. అందుకని ఒక్క మనిషి కోసం వెతకడం మానేశాను. ముందు రోడ్డుకి ఒకరు, తర్వాత ట్రాక్‌కి ఒకరు అని నిర్ణయించుకున్నాను.

రోడ్డుకి దొరికినావిడకి అరవై దాటి ఉంటాయి. ఏడీఐ, పైగా అడ్వాన్స్‌డ్ డ్రైవింగ్ నేర్పడంలో చాలా అనుభవం. ఫోన్లో ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మీకు సరిగ్గా ఏ క్షణంలో భయమేస్తుంది? బ్రేకు వేసే ముందా, వేసేటప్పుడా, వేశాకా?" అని. నన్ను అంతవరకూ ఎవరూ అలా అడగలేదు. ఆ మాట మీదే ఆవిడ దగ్గర చేరిపోయాను.

మొదటి పాఠంలో ఆవిడ ఏమీ దిద్దలేదు. వార్విక్‌షర్ పల్లె రోడ్ల మీద నన్ను నడపమని, కనిపించినదంతా పైకి చెప్పమన్నారు. ఎడమవైపు పొలం గేటు, రోడ్డు మీద బురద, అంటే ట్రాక్టరు ఉండొచ్చు. ఇంగ్లీషులో చెప్తుంటే మాటలు వెతుక్కునేలోపు గేటు దాటిపోతోంది. ఒంటరిగా నడిపేటప్పుడు మీ భాషలోనే చెప్పుకోండి అన్నారావిడ. ఆ తర్వాత రోజూ ఆఫీసుకి వెళ్తూ తెలుగులో గట్టిగా చెప్పుకుంటూ నడిపాను. మాట ముందుకి వెళ్ళాలంటే చూపు ముందుకి వెళ్ళక తప్పదు.

ఆవిడ మలుపు చదవడం నేర్పారు. మలుపులో రోడ్డు రెండు అంచులూ కలిసినట్టు కనిపించే చోటు ఒకటుంటుంది. అది మన వైపు దగ్గరవుతుంటే మలుపు బిగుస్తోందని, వేగం తగ్గించాలి. మనతో సమానంగా జరుగుతుంటే వేగం సరిపోయింది. దూరంగా పారిపోతుంటే దారి తెరుచుకుంటోంది, మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వొచ్చు. కనిపిస్తున్న దూరంలో ఆగగలిగేంత వేగమే సరైన వేగం. నేను స్ప్రింట్‌లు చేసిన రోజుల్లో కూడా మలుపుని ఇలా చూడలేదు, ట్రాక్ గుర్తుపెట్టుకుని నడిపేదాన్ని.

ఇక అద్దం. దాన్ని చూడొద్దని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. నన్ను బాగుచేసింది అదే అని ఇప్పటికీ అనుకుంటాను. ఇక్కడి పోలీసు డ్రైవర్లకి నేర్పే పద్ధతిలో ఒక క్రమం ఉంది. రోడ్డు మీద నా చోటు, ఆ తర్వాత వేగం, ఆ తర్వాత గేరు, చివరికి యాక్సిలరేటర్. చుట్టూ ఏముందో గమనించడం మొదట్నించి చివరిదాకా నడుస్తూనే ఉంటుంది. అద్దం చూడాల్సింది చోటూ వేగమూ మార్చే ముందే. "మీరు అద్దం చూడటం తప్పు కాదు, ఆలస్యంగా చూస్తున్నారు. ముందే చూడండి. వెనక వ్యాను ఉంటే ఇంకా త్వరగా, ఇంకా మెత్తగా బ్రేకు మొదలుపెట్టండి. అప్పుడు అతనికీ టైము దొరుకుతుంది" అన్నారు. భయపడే పనికి ఆవిడ ఒక సమయం కేటాయించారు. అద్దం, బ్రేకు, ఇక చూపంతా ముందుకే. చాలా వారాలు ఇదే చేశాం. గంటకి 70 మైళ్ళ వేగంలో కారు ఆగడానికి ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ చెప్పే దూరం 96 మీటర్లు. అందులో 21 మీటర్లు మనం ఆలోచించేలోపే గడిచిపోతాయి. ముందు కారుకి నేను వదిలే ఖాళీయే నా వెనకవాళ్ళకి కూడా రక్షణ అని ఆ లెక్కతోనే చూపించారు. మోటర్‌వే మీద ముందు ట్రాఫిక్ ఆగుతుంటే హజార్డ్ లైట్లు వేసి వెనకవాళ్ళని హెచ్చరించడం కూడా అలవాటు చేయించారు.

పాఠాల మధ్యలో సాధన కోసం ఐఏఎం రోడ్‌స్మార్ట్ స్థానిక గ్రూపులో చేరమన్నారు. అడ్వాన్స్‌డ్ డ్రైవింగ్ నేర్పడానికి 1956లో మొదలైన సంస్థ అది, పక్కన కూర్చుని చూసేవాళ్ళు వలంటీర్లు. నేర్పే ఓపిక ఉన్న మనుషులు దొరికారు. తర్వాత ఒక మధ్యాహ్నం స్కిడ్ ప్యాన్ కూడా చేశాను. కారు కింద చిన్న చక్రాల ఫ్రేము బిగించి టైర్ల మీద బరువు తగ్గిస్తారు, తక్కువ వేగంలోనే కారు జారిపోతుంది. జారినప్పుడు వెళ్ళాల్సిన చోటే చూస్తే చేతులు వాటంతటవే అటు తిరగడం చూసి చాలా ధైర్యం వచ్చింది.

ట్రాక్‌కి కోచ్‌ని వెతికేటప్పుడు ఏం అడగాలో అప్పటికి తెలిసింది. నా కారులోనే కూర్చుంటారా, టైము కొలవకుండా రోజంతా నేర్పుతారా, ఏడీఐ రాసిచ్చిన నోట్సు చదువుతారా. మూడింటికీ సరే అన్న ఏఆర్‌డీఎస్ కోచ్ ఒకాయన పాత ఎయిర్‌ఫీల్డ్‌కి రమ్మన్నారు. ఉదయమంతా బ్రేకు ముట్టకుండా తిరగమన్నారు. బ్రేకు లేకపోతే వేగాన్ని ముందే అంచనా వెయ్యాలి, దానికి మలుపు దాటాక వచ్చే దారిని కూడా ఇక్కడినుంచే చూడాలి. నడిపేటప్పుడు ఆయన మాట్లాడరు. ఆగాక ఒకటే అడుగుతారు, "ఏం చూశారు?" అని. నేను అద్దంలో చూసినదేదైనా చెప్తే రాసుకుని, మళ్ళీ తిరగమనేవారు. మధ్యాహ్నం బ్రేకులు మొదలయ్యాయి. సాయంత్రానికి మలుపు మధ్యలో కాలు లేవడం ఆగింది. ఆ రోజు ఇంటికి ఎంత సంతోషంగా వచ్చానో మా ఆయనే చెప్తారు.

మొదటి పోటీగా స్ప్రింట్ కాకుండా ఆటోసోలో ఎంచుకున్నాను. చదునైన స్థలంలో కోన్‌ల మధ్య తక్కువ వేగంతో నడపాలి, హెల్మెట్ కూడా అక్కర్లేదు, రోడ్డు మీద నడుపుకుంటూ వచ్చిన కారుతోనే పోటీ. ఇక్కడి మోటర్ పోటీల సంస్థ మోటర్‌స్పోర్ట్ యూకే ఇచ్చే క్లబ్‌మన్ లైసెన్సు ఉచితం. విరామం తర్వాత తిరిగి వచ్చేవాళ్ళకి ఇంతకంటే మంచి మెట్టు నాకు కనిపించలేదు. అక్కడినుంచి వేసవి చివర్లో కర్‌బరోకి వెళ్ళాను. టైము నా పాత టైముకి ఇంకా వెనకే ఉంది, కానీ ఏ పరుగులోనూ బ్రేకు వేస్తూ వెనక్కి చూడలేదు.

చెల్టెన్‌హామ్ దగ్గర ప్రెస్కాట్ కొండ మీద బుగాటీ ఓనర్స్ క్లబ్ నడిపే డ్రైవింగ్ స్కూలుకి వచ్చే వసంతంలో వెళ్ళాలని ఉంది. అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. చీకట్లో, వానలో, మోటర్‌వే మీద ట్రాఫిక్ నెమ్మదిస్తే నా భుజాలు ఇప్పటికీ బిగుసుకుంటాయి. ఆ సంగతి రోడ్డు పాఠాలు చెప్పినావిడకి చెప్పాను. నవంబరు సాయంత్రాలు అందుకే ఖాళీ పెట్టుకోమన్నారు.