కులేబ్రాకి మంగళవారం పడవ

శనివారం, ఫిబ్రవరి.

దోసెలు పోస్తూనే మళ్ళీ మ్యాపు తెరిచాను. వారం రోజులుగా ఇదే పని. ప్యూర్టో రికోకి తూర్పున ఆవగింజంత చుక్క, కులేబ్రా. ఆ చివర్నుంచి ఈ చివరకి 11 కిలోమీటర్లు. ఊరంటూ ఉన్నది ఒక్కటే, డ్యూయీ. జనం 2,000 లోపే. దీవిలో ఏరన్నది లేదు, తాగే నీళ్ళు కూడా సముద్రం అడుగున వేసిన పైపులోంచే వస్తాయట.

కరీబియన్‌లో మాకు వీలైనది ఇదే. వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయింది, దేశం దాటే ధైర్యం లేదు. ప్యూర్టో రికో అమెరికాదే కనుక డాలస్‌లో విమానం ఎక్కి శాన్ హువాన్‌లో దిగిపోవచ్చు. పాస్‌పోర్టులు, ఇక్కడ ఉండడానికి అనుమతి చూపే ఐ-797 కాగితాలు మాత్రం నా చేతిసంచిలోనే ఉంటాయి.

మావారికి ఫ్లమెంకో బీచ్ చూడాలని. తెల్లటి ఇసుక మీద తుప్పుపట్టిన యుద్ధ ట్యాంకులు రెండు, ఎవరెవరో రంగులు పూసినవి. ఫొటో చూసి ముచ్చటపడ్డాను గానీ, వాటి కథ చదివాక మనసు బరువెక్కింది. 1909లో అప్పటి అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఈ నేలని పక్షులకని కేటాయించాడు, అమెరికా నౌకాదళం అవసరాలకి లోబడి అన్న మెలికతో. ఆ మెలికే గెలిచింది. ఏళ్ళ తరబడి ఓడల మీంచి, విమానాల్లోంచి బాంబులు వేసి గురి నేర్చుకున్నారు. 1971లో దీవి వాళ్ళు, వాళ్ళకి తోడుగా వచ్చినవాళ్ళు తీరం మీదే బైఠాయించారు. అందుకు రుబేన్ బెర్రియోస్ అనే ప్యూర్టో రికో నాయకుడు మూడు నెలలు జైల్లో ఉన్నాడు. 1975కి గానీ ఆ పేలుళ్ళు ఆగలేదు. ఇప్పటికీ పేలని గుండ్లున్నాయని కొన్నిచోట్ల హెచ్చరిక బోర్డులుంటాయి. పాపని దారి తప్పనివ్వకూడదు.

నేను వెళ్ళేది తాబేళ్ళ కోసం. లెదర్‌బ్యాక్ తాబేలు ఏప్రిల్ నుంచి జూలై దాకా బ్రావా, రెసాకా తీరాలకి వచ్చి గుడ్లు పెడుతుంది. గట్టి డిప్ప ఉండదు, తోలు కప్పుకున్నట్టుంటుంది. ఒక్కోటి మూణ్ణాలుగు వందల కిలోలు. మన వైపు ఆలివ్ రిడ్లే నలభై కిలోలుంటే గొప్ప.

మధ్యాహ్నం భీమిలికి ఫోన్ చేశాను. నాన్న రోజూ తెల్లారకుండా తీరం వెంట నడుస్తారు. ఈ వారం మళ్ళీ ఒక రిడ్లే చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చిందట. "వల్లో చిక్కి ఊపిరాడక పోయుంటాదమ్మా, కడుపునిండా గుడ్లతో" అన్నారు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని తీసుకెళ్ళి, కంచె కట్టిన ఇసుక గుంటల్లో దాచిన గుడ్లు చూపించారు. తాబేలు పిల్లలు నీళ్ళలోకి దిగేటప్పుడు నా చెప్పులు విప్పించారు.

"ఆ తల్లి ఒడ్డుకొచ్చే చోట దీపాలుండవు కదా?" అని అడిగారు.

ఉండవు నాన్నా. గుడ్లు పెట్టే కాలంలో రాత్రిళ్ళు ఆ తీరాలకి మనుషుల్ని రానివ్వరు. పాపకి ఆ మాట చెప్పడమే కష్టమైంది. "మనం కదలకుండా కూర్చుంటే?" అంది. వద్దన్నాను. అంత బరువుతో ఇసుకలో ఈడ్చుకొచ్చాక, చీకట్లో ఏ అలికిడికో బెదిరి గుడ్లు పెట్టకుండా వెనక్కి తిరిగితే నాకు నిద్ర పట్టదు. బదులుగా పగలు తమరిండో బీచ్‌లో మాస్కు పెట్టుకుని దిగుతాం. అక్కడ నీటి అడుగున గడ్డి మేసే పచ్చ తాబేళ్ళు ఉంటాయి. ముట్టుకోవడం లేదు, వెంటపడడం లేదు.

తేదీల దగ్గర పేచీ. మే నెలాఖరు లాంగ్ వీకెండ్ అన్నారు మావారు, సెలవు కలిసొస్తుందని. ప్యూర్టో రికో పెద్ద దీవిలోని సెయ్బా రేవు నుంచి వెళ్ళే ఫెర్రీ ఒక్కటే ఆ దీవి వాళ్ళకి బస్సు లాంటిది. ఆస్పత్రికైనా, సరుకులకైనా దాని మీదే ఆధారం. పండగ రోజుల్లో మాలాంటి వాళ్ళతో కిటకిటలాడిపోతుంది. డబ్బున్నవాళ్ళు చిన్న విమానం ఎక్కుతారు, లేనివాళ్ళు రేవులో నిలబడతారు. సెలవు ఒకరోజు ఎక్కువ పెట్టమన్నాను. గంటసేపు లెక్కలు వేసుకుని, సరేనన్నారు. మే మధ్యలో మంగళవారం వెళ్ళి, శుక్రవారం రద్దీకి ముందే తిరిగొస్తాం.

రాత్రి పాప స్నానాల తొట్టిలో స్నార్కెల్ పెట్టుకుని ముఖం ముంచింది. నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను. అరవై దాటినా తల ఎత్తలేదు.