సరే అనడానికి పది నొక్కులు

అమ్మమ్మ చెబుతుంటే ఇన్‌లాండ్ లెటర్ రాసేవాణ్ణి. "ఉభయకుశలోపరి" అని మొదలెట్టి, చివరికి అతికించే మడత మీద కూడా రెండు ముక్కలు రాయించేది. డబ్బులిచ్చి కొన్నాం కదా, ఖాళీగా ఎందుకు వదలాలని ఆవిడ లెక్క.

ఇంటర్‌కొచ్చేసరికి చేతిలో బటన్ల ఫోను. ఎస్ఎంఎస్‌కి ఇంగ్లీషు లిపిలో 160 అక్షరాలు పట్టేవి, తెలుగు లిపిలో 70 మాత్రమే. అదీ అవతలి ఫోనులో డబ్బాలు డబ్బాలుగా కనపడేది. అందుకే తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కుక్కేశాం. ఒక్కో అంకె మీద మూడు నాలుగు అక్షరాలుండేవి కాబట్టి "సరే" (sare) కొట్టాలంటే 7 నాలుగుసార్లు, 2 ఒకసారి, మళ్ళీ 7 మూడుసార్లు, 3 రెండుసార్లు. మొత్తం పది నొక్కులు! బొటనవేలికి అదంతా కంఠతా వచ్చు, ఇప్పటికీ. అచ్చులు మింగేయడం అప్పుడే అలవాటైంది. (మా తెలుగు మాస్టారు చూసుంటే గోడకుర్చీయే.)

నిన్న మా పాప ఫోనుతో మాట్లాడుతుంటే అది టకటకా తెలుగులో రాసేస్తోంది. ఒత్తులతో సహా. సరదా పుట్టి నేనూ మైకు నొక్కి "ఉభయకుశలోపరి" అన్నాను.

"ఉభయ కుశల ఊపిరి" అని పడింది.

పాప చదివి, "ఎవరి ఊపిరి నాన్నా?" అంది.