కడవకల్లు కొండల కింద ఫ్యాను రెక్క

పోయిన ఆషాఢంలో రెండు రోజులు సెలవు దొరికితే తాడిపత్రి పోయాను. జనం చింతల వెంకటరమణస్వామి గుడి చూడ్డానికి పోతారు, నేను పోయింది కరెంటు తీసే గాలిమర తాలూకు పాత ఫ్యాను రెక్క చూడ్డానికి. మా బామ్మర్ది అక్కడ బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. "పుట్లూరు పక్క ఒక రైతు ఫ్యాను రెక్క కోసి పశువుల కొట్టం వేసుకున్నాడు బావా" అని వాడు ఫోన్లో చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. నేను ఇళ్ళు కట్టించే పనిలో ఉన్నాను, పైగా ఊళ్ళో మా అమ్మ ఆవులకు షెడ్డు వేయించమని రెండేళ్ళుగా పోరు పెడుతోంది.

బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిని బండి మీద బయల్దేరాం. చీనీ తోటలు, అరటి తోటలు దాటినాక కొండల మీద వరుసగా ఫ్యాన్లు. పుస్తకాల్లో గాలిమరలు అంటారు గానీ ఇక్కడ అందరికీ ఫ్యాన్లే. పాత అనంతపురం జిల్లాలో రామగిరి, కడవకల్లు వైపు 1990ల్లోనే ఇవి మొదలయ్యాయి. ఆ గాలికి ముందు కూర్చున్న బామ్మర్ది మాట నాకు వినపడలేదు, నా టోపీ ఏదో చీనీ తోటలో పడిపోయింది.

కొట్టం వేసుకున్న రైతు పెద్దాయన. మమ్మల్ని చూడగానే "కంపెనీవాళ్ళా?" అన్నాడు అనుమానంగా. కాదని తెలిశాక మజ్జిగ ఇచ్చి కొట్టం చూపించాడు. పిడుగు పడి రెక్క చీలిపోతే, క్రేన్ తెచ్చి కొత్తది బిగించి, పాతదాన్ని ఈయన గట్టు మీద పడేసి పోయారట. తీసేయండి అని చెప్పి చెప్పి విసిగిపోయాడు. ఇనుమో రాగో అయితే ఆ రాత్రికే మాయమయ్యేది, రెక్కను మాత్రం పాత సామాన్లవాడు కూడా తాకలేదు.

నడుమ ముక్కను రెండు రాతి స్తంభాల మీద దూలంలా పెట్టి పైన రేకులు వేశాడు. గుండ్రటి మొదలును నిలువునా చీల్చి కుడితి తొట్టి చేశాడు. కొస ముక్క కింద కోళ్ళు పడుకున్నాయి. నేను దూలం పట్టుకుని వేలాడి చూశాను, కదల్లేదు.

కోసిన చోట చూస్తే లోపల కట్టె! పైనా కిందా గాజు నారను రెసిన్ అనే జిగురుతో అతికించిన పొరలు, మధ్యలో బాల్సా చెక్క, బెండులా తేలిగ్గా ఉంటుంది. ప్రపంచంలో బాల్సా ఎక్కువగా ఈక్వడార్ నుంచే వస్తుంది. ఎక్కడి ఈక్వడార్, ఎక్కడి పుట్లూరు.

అసలు చిక్కంతా ఆ రెసిన్‌తోనే. ఒకసారి గట్టిపడితే, కాల్చిన కుండ మళ్ళీ మట్టి కానట్టు, మళ్ళీ కరగదు. అందుకే అమెరికాలో కాస్పర్ అనే ఊళ్ళో రెక్కలను ముక్కలు చేసి గుంతల్లో పూడ్చారు. జర్మనీలో సిమెంట్ బట్టీల్లో వేస్తారు, రెసిన్ మండి బొగ్గు ఖర్చు తగ్గిస్తుంది, గాజులోని సిలికా సిమెంటులో కలిసిపోతుంది. తాడిపత్రి చుట్టూ సిమెంట్ ఫ్యాక్టరీలే కాబట్టి ఆ దారి ఇక్కడా సులువే అనిపిస్తుంది, కానీ ఏళ్ళ తరబడి ఇంత గాలిని తట్టుకున్న వస్తువును పొడి చేసి కాల్చడానికి నాకు మనసొప్పదు. పోలండ్‌లో ష్ప్రోటావా దగ్గర 2021లో, ఐర్లండ్‌లో కార్క్ వైపు 2022లో పాత రెక్కలనే దూలాలుగా పెట్టి కాలినడక వంతెనలు కట్టారు. ఈ పెద్దాయన అవేవీ చూడకుండానే అదే పని చేశాడు.

కాకపోతే వాళ్ళు ముందు బరువులు పెట్టి పరీక్షించారు. ఇక్కడ పిడుగు పడిన రెక్క, లోపల ఎక్కడ చీలిందో పైకి కనపడదు. రేకుల షెడ్డుకు పరవాలేదు గానీ దీని మీద బండల మిద్దె వేస్తానంటే నేను ఒప్పుకోను. రెసిన్ మండుతుంది కాబట్టి పొయ్యి దగ్గరా వద్దు.

కోత సంగతి అడిగితే పెద్దాయన చేతులు చూపించాడు. "రంపం పండ్లు అరిగిపాయ నాయనా, మిషన్ తెచ్చి కోస్తే మూడు దినాలు ఒళ్ళంతా దురద." దురద ఒంటితో ఆగితే సరే, ఆ గాజు పొడి పీలిస్తేనే భయం. "మా దగ్గర బండను నీళ్ళు పోస్తా కోస్తాం, దుమ్మే లేవదు" అన్నాడు బామ్మర్ది. నాకు అది తట్టనే లేదు! తాడిపత్రిలో బండలు కోసే డైమండ్ బ్లేడు, నీళ్ళ పైపు ఉంటే సగం పని అయినట్టే.

తొట్టి అంచు మాత్రం నాకు నచ్చలేదు. నార పోగులు లేచి ఉన్నాయి, ఆవు నోట్లోకి పోతాయి. అంచును గీకి రెసిన్ పూత వేయాలి, అందాకా దాంట్లో కుడితి పోయొద్దన్నాను. ఆయన వేలితో తడిమి, వెంటనే లోపల్నుంచి పాత సిమెంటు తొట్టి బయటికి లాగించాడు.

గట్టు మీద ఇంకో ముక్క ఉంది, నా అడుగులతో ఏడు అడుగులు. అమ్మకు ఫోన్ చేస్తే "ఫ్యాను రెక్క ఏందిరా, బండలు తేరా" అంది. గాలి తగ్గాక కోత మిషన్, మాస్కులు తీసుకుని మళ్ళీ పోవాలని బామ్మర్దీ నేనూ అనుకున్నాం. ధర మాత్రం పెద్దాయన ఇంకా చెప్పలేదు.