సముద్రం లేని ఊళ్ళో లంగరు

విమానం లండన్‌లో దిగేసరికి నా చొక్కా జేబు నీలంగా ఉంది. తప్పు నాదే. ఇంకు పెన్నుతో విమానం ఎక్కేవాళ్ళు దాన్ని నిండా నింపుకోవాలి, లేకపోతే పూర్తిగా ఖాళీ చేసుకోవాలి. నేను సగం ఇంకుతో ఎక్కాను. పైకి పోయేకొద్దీ క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గుతుంది. పెన్ను లోపల మిగిలిన గాలి ఉబ్బి, అడ్డొచ్చిన ఇంకుని బయటికి తోసేస్తుంది. పాళీ పైకి పెట్టి నిలువుగా ఉంచితే గాలి ఒక్కటే పోయేది. నేను సీట్లో పక్కకి ఒరిగి నిద్రపోయాను, నాతోపాటు పెన్ను కూడా పడుకుంది.

ఎయిర్‌పోర్టుకి వచ్చిన మా బావ జేబు వంక చూసి, "ఇదేనా, నువ్వు బర్మింగ్‌హామ్ తీసుకెళ్ళమన్న వెండి పెన్ను?" అన్నాడు.

"ఇదే."

"పెన్నుని ఊరు చూపించడానికి తీసుకెళ్ళేవాణ్ణి నిన్నే చూశాను."

నిజానికి అది ఆ పెన్ను సొంత ఊరు. నాలుగేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఒళ్ళంతా బార్లీ గింజలు పేర్చినట్టు సన్నటి చెక్కడం. క్యాప్ అంచు దగ్గర వరసగా నాలుగు ముద్రలు, ఒక్కోటి ఆవగింజంత. మొదటిది తయారుచేసినవాళ్ళ పొడి అక్షరాలు. రెండోది నడుస్తున్న సింహం, అంటే నూటికి 92.5 పాళ్ళు వెండి అని హామీ. మూడోది లంగరు, అంటే ఆ వెండిని పరీక్షించింది బర్మింగ్‌హామ్‌లో. నాలుగోది ఏ సంవత్సరమో చెప్పే ఒక ఇంగ్లీషు అక్షరం. పెట్టెలో ఒక చిన్న అట్టముక్క, దానిమీద అమ్మినవాళ్ళు చేత్తో రాసిన '1988'. నేను పుట్టింది 1988లో. బేరం కూడా ఆడలేదు.

ఆ పెన్నుకి నేను చేసిన అపకారం గురించి ముందే చెప్పేస్తాను. ఒకసారి రెండు నెలలు వాడకుండా పక్కన పెట్టాల్సి వచ్చి, గుడ్డలో చుట్టి, ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేశాను. విప్పేసరికి గుడ్డ మీంచే బ్యారెల్ చుట్టూ నల్లటి గీత పడి ఉంది, పాము కట్టు వేసినట్టు. వెండి నల్లబడేది గంధకంతో. గాలిలో ఉండే కాస్త గంధకానికే మెల్లగా మసకబారుతుంది, ఇక రబ్బరుని గట్టిపరచడానికి వేసేదే గంధకం. నేను దాన్ని తీసుకొచ్చి పెన్ను మెడకి కట్టాను.

కంగారులో ఎవరో చెప్పిన చిట్కా పాటించాను. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వంట సోడా వేసి, వేడినీళ్ళు పోసి, పాళీ భాగం విప్పేసి క్యాప్‌నీ బ్యారెల్‌నీ ముంచాను. కుళ్ళిన గుడ్డు వాసన కొట్టింది. వెండిని పట్టుకున్న గంధకం ఊడి బయటికి వస్తున్న వాసన అది. ఐదు నిమిషాల్లో నల్ల గీత మాయం. దాంతోపాటు బార్లీ గింజల మధ్య ఏళ్ళ తరబడి పేరుకున్న నలుపు కూడా పోయింది. చెక్కడం కంటికి ఆనేదే ఆ నలుపు వల్ల అని అప్పటిదాకా నాకు తెలియదు. తీరా తీసి చూస్తే సీసపు గొట్టంలా ఉంది. అక్కడితో ఆగానా? క్యాప్ అంచున ఇంకా ఏదో మరక ఉందని పాలిష్ పేస్టు పెట్టి రుద్దాను. ముద్రలు ఉన్నది సరిగ్గా అక్కడే. సింహం కాళ్ళు చెరిగిపోయాయి. సంవత్సరం అక్షరం 'హెచ్' లాగా కనపడుతుంది, ఇంకో వైపు తిప్పితే 'ఎన్' లాగా కనపడుతుంది.

ఆ అక్షరం ఏదో తేల్చుకోవడానికే ఈ ప్రయాణం. బావతో మాత్రం మ్యూజియం చూద్దామని చెప్పాను.

లండన్ యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కితే గంటన్నరలోపే బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్. అక్కణ్ణుంచి స్నో హిల్ స్టేషన్‌కి నడిచి, ఇంకో రైల్లో ఒక్క స్టేషన్ వెళ్తే జ్యూయెలరీ క్వార్టర్. నవంబరు చలి. ప్లాట్‌ఫాం మీద ఏదో రాసుకుందామని పెన్ను తీస్తే వేళ్ళకి మంచుగడ్డ తగిలినట్టయింది. లోహాలన్నిట్లోకీ వేడిని తొందరగా లాగేది వెండే. ప్లాస్టిక్ పెన్నుకి వాతావరణంతో పనిలేదు, వెండి పెన్ను మాత్రం ముందు మన చేతి వేడి తాగి, తర్వాతే రాయనిస్తుంది. నాలుగు లైన్లు అయ్యేసరికి పెన్ను ఏది, వేలు ఏది అన్నట్టు ఒకటే వెచ్చన. క్యాప్ వెనక తగిలించి రాయను. వెండి బరువు, వెనక్కి లాగేస్తుంది.

స్టేషన్ నుంచి కొంచెం నడిస్తే నాలుగు రోడ్ల మధ్య 1903 నాటి చేంబర్లిన్ గడియార స్తంభం. చుట్టూ ఎర్ర ఇటుక ఇళ్ళు, కింద నగల షాపులు, పైన వర్క్‌షాపులు. పరీక్షా కార్యాలయం, అంటే అస్సే ఆఫీసు, ఇప్పుడు మోర్టన్ స్ట్రీట్‌లో ఉంది. 2015లో పాత భవనం వదిలి అక్కడికి మారింది. మేం బయటినుంచే చూశాం. కొత్త భవనం, చూడ్డానికి ఏం లేదు. దాని పుట్టుక మాత్రం బావకి చెప్పాను.

1773కి ముందు ఈ ఊళ్ళో వెండి వస్తువు చేస్తే ముద్ర కోసం చెస్టర్ దాకా పంపాల్సి వచ్చేది. డెబ్బై మైళ్ళ పైమాటే, గుర్రపు బళ్ళ మీద. దారిలో సొట్టలు పడేవి, దొంగలు కొట్టేసేవాళ్ళు, పైగా ఆలస్యం. ఆవిరి యంత్రాల జేమ్స్ వాట్‌కి భాగస్వామి అయిన మాథ్యూ బోల్టన్ పట్టుబట్టి, షెఫీల్డ్ వాళ్ళతో కలిసి పార్లమెంటులో చట్టం చేయించాడు. లండన్‌లో వాళ్ళు సమావేశమైన సత్రం పేరు 'క్రౌన్ అండ్ యాంకర్'. ఎవరికి ఏ గుర్తు అని నాణెం ఎగరేస్తే షెఫీల్డ్‌కి కిరీటం, బర్మింగ్‌హామ్‌కి లంగరు వచ్చాయని కథ. కథ నిజమైనా కాకపోయినా, సముద్రం ఛాయలకే రాని ఈ ఊరికి లంగరు మిగిలిపోయింది. షెఫీల్డ్ కిరీటం 1975లో గులాబీగా మారింది, లంగరు కదల్లేదు.

ఫ్రెడరిక్ స్ట్రీట్‌లో ఆర్జెంట్ సెంటర్ అని రంగురంగుల ఇటుకల భవనం. 1863లో డబ్ల్యు. ఇ. వైలీ అనే ఆయన పాళీల ఫ్యాక్టరీగా కట్టించాడు. యంత్రాల దగ్గర మిగిలిన ఆవిరితో అందులోనే టర్కిష్ స్నానాలగది కూడా నడిపాడట. పెన్ మ్యూజియం ఇప్పుడు ఇక్కడే. లోపల అడుగుపెట్టగానే ఒక సంగతి తలకెక్కించుకోవాలి. ఆ కాలంలో 'పెన్' అంటే కర్ర కాదు, గొట్టం కాదు, పాళీ. మనం పాళీ అనేదాన్నే వాళ్ళు పెన్ అన్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో ప్రపంచంలో జనం రాసిన రాతలో నాలుగింట మూడు వంతులు బర్మింగ్‌హామ్ పాళీలతోనే రాశారని ఇక్కడివాళ్ళ లెక్క. జోసెఫ్ గిల్లట్, జోసయ్య మేసన్ లాంటి యజమానుల పేర్లు పెట్టెల మీద మెరుస్తుంటాయి. ప్రెస్సుల ముందు కూర్చుని పని చేసింది ఎక్కువగా ఆడవాళ్ళు.

ఒక్కో మనిషి రోజుకి 18,000 పాళీల మీద చెయ్యి వెయ్యాలని అక్కడ చెప్పారు. పది గంటల పని అనుకుంటే రెండు సెకన్లకి ఒకటి. నేను కూర్చుని ప్రయత్నించాను. ఎడమ చేత్తో స్టీలు రేకు జరపాలి, కుడి చేత్తో ప్రెస్సు పిడిని తిప్పి కిందికి లాగాలి. 'టక్' మని ఆకు ఆకారంలో ఒక ముక్క కింద పడుతుంది. నా మొదటి ముక్క పాత కంత మీదకి వెళ్ళి సగమే తెగింది. రెండోదానికి ఇంకో ప్రెస్సు దగ్గర మధ్యలో చిల్లు, మరో దాని దగ్గర పేరు, ఇంకోచోట ఒంపు. ఒంపు రాకముందు అది ఉత్త రేకు, ఒంగిన మరుక్షణం ఇంకు పట్టుకునే దోనె. అంతా అయ్యేసరికి పదిహేను నిమిషాలు. ఆ లెక్కన ఈలోపు అక్కడి ఆడమనిషి 450 చేసి ఉండేది. మధ్యలో మాట్లాడితే జరిమానా, పాట పాడినా జరిమానా. నేను బావతో మాట్లాడిన మాటలకే ఆ రోజు కూలి పోయేది.

ఆ స్టీలు పాళీలు సిరాలో ముంచి రాసేవి. తుప్పు పట్టేవి, పారేసి కొత్తది తగిలించుకునేవారు. ఫౌంటెన్ పెన్నులో పాళీ రాత్రీ పగలూ ఇంకులో నానుతూనే ఉండాలి, పాత ఇంకుల్లోని యాసిడ్‌కి తట్టుకోవాలి. బంగారం పాళీలు వచ్చింది అందుకు, డాబుకి కాదు. ఒళ్ళంతా వెండి అయిన నా పెన్నుకి కూడా పాళీ బంగారమే, దాని కొనన మళ్ళీ ఇరీడియం జాతి గట్టి లోహపు బొట్టు. వెండితో పాళీ చేస్తే అది మెత్తన, పైగా నల్లబడుతుంది.

మధ్యాహ్నం ఒక పాత వెండి సామాన్ల షాపులో దూరాం. ఒక ట్రే నిండా పెన్నులు, పెన్సిళ్ళు. చూడగానే అన్నీ వెండిలాగే ఉన్నాయి. ముద్రలు చూస్తే సగం కాదు. 'ఈపీఎన్ఎస్' అని ఉన్నది నికెల్ సిల్వర్ మీద వెండి పూత. నికెల్ సిల్వర్ అనే పేరులో తప్ప ఆ లోహంలో వెండి చుక్క కూడా ఉండదు. ఆ పూత వ్యాపారం పెరిగింది కూడా ఈ ఊళ్ళోనే, 1840లో ఎల్కింగ్టన్ వాళ్ళ పేటెంటుతో. ఇంకొకటి నల్లటి ఎబొనైట్ పెన్ను మీద వెండి జాలీ తొడిగినది. ఎంత ముద్దుగా ఉన్నా నేను ముట్టుకోను. ఎబొనైట్ అంటే గంధకం దట్టించిన రబ్బరు, లోపలినుంచే వెండిని నల్లబరుస్తూ ఉంటుంది. నీళ్ళలో నానబెడితే ఎబొనైట్ పాలిపోతుంది. అది నాలాంటి వాడి చేతికి రాకూడని పెన్ను.

కౌంటర్ వెనక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి. నా పెన్ను చేతికిచ్చాను. ముద్రల వంక చూడకముందే, "ఎవరు కడిగారు దీన్ని?" అన్నారు. బావ నా వైపు వేలు చూపించాడు.

ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని క్యాప్‌ని కిటికీ వెలుతురుకి పట్టుకున్నారు. ఇటు తిప్పారు, అటు తిప్పారు. తర్వాత నేను ఊహించని పని చేశారు. క్యాప్‌ని నోటి దగ్గరికి తెచ్చుకుని 'హా' అని ఊదారు. చల్లటి వెండి మీద ఆవిరి పట్టింది, పట్టినది పట్టినట్టే అంచులనుంచి కరిగిపోతోంది. కరిగే ఆ ఒకటి రెండు సెకన్లలో ముద్రలు తేలాయి. అరిగిన గుంటల్లో ఆవిరి ఒక క్షణం ఎక్కువ నిలిచింది. నాకూ చూపించడానికి ఇంకోసారి ఊదారు. సింహానికి కాళ్ళు వచ్చాయి. లంగరు. దాని పక్కన ఏటవాలు గీత, స్పష్టంగా 'ఎన్'.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే 1988 కదా!" అన్నాను.

"87," అన్నారాయన.

నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. కొత్త చట్టం వచ్చి 1975 నుంచి దేశమంతా ఒకే అక్షరం, 'ఏ'తో మొదలు. 'ఎన్' పద్నాలుగోది. 1988. ఆయన ఆపకుండా మొత్తం విని, నా వేళ్ళు పట్టుకుని మళ్ళీ మొదట్నించీ లెక్కపెట్టించారు. తొమ్మిదో వేలు 'ఐ' దగ్గరికి వచ్చాక, పదో వేలు మడుస్తూ 'కె' అన్నారు.

"జె ఏదండీ?"

"జె వెయ్యం. ఇంత చిన్న ముద్రలో ఐ ఏదో జె ఏదో ఎవరికి తెలుస్తుంది?"

బావ నవ్వు ఆపుకోలేక షాపు బయటికి వెళ్ళాడు.

అరిగిన ముద్ర మీద మళ్ళీ కొత్తగా కొట్టించవచ్చా అని అడిగాను. ఆయన ముఖం మారింది. ముద్రని సొంతంగా దిద్దడం నేరం, దొంగముద్రకి ఒకప్పుడు ఈ దేశంలో మరణశిక్ష ఉండేదని చెప్పి, క్యాప్ నా చేతిలో పెట్టారు. "ఈ అంచు మీద ఇక గుడ్డ కూడా పెట్టకండి. మిగతా చోట పొడి పాలిష్ గుడ్డ, అదీ పైపైన. ముంచడాలు వద్దు. ఊలు, రబ్బరు దగ్గరికి రానివ్వకండి."

"నలుపు మళ్ళీ వస్తుందా?"

"రోజూ రాయండి. వేళ్ళు తగిలే చోట మెరుస్తుంది, తగలని గుంటల్లో నలుపు దానంతటదే వస్తుంది." డబ్బులు తీసుకోలేదు. ట్రేలోంచి ఏమైనా కొనమని కూడా అనలేదు, అదే కొంచెం చిన్నతనంగా అనిపించింది.

తిరుగు రైల్లో బావ కిటికీకి తల ఆనించి, "అయితే అది నీకంటే పెద్దదన్నమాట. ఇకనుంచి మీరు అనాలి," అన్నాడు. పెట్టెలోంచి అట్టముక్క తీశాను. 1988లో చివరి అంకె మీద అడ్డగీత కొట్టి, పైన 7 వేశాను. విమానంలో కారింది పోగా మిగిలిన ఇంకు కాస్తే, ఏడు అడ్డకాలు సగంలో ఎండిపోయింది. ఇంకు సీసా బావ వాళ్ళింట్లోనే ఉండిపోయింది. పాళీని గోరు మీద రెండుసార్లు గీసి, ఆ సగం కాలు పూర్తిచేశాను.