నోటౌఫ్‌నామె కాదు, నోట్-ఔఫ్‌నామె

జర్మనీకి నర్సు ఉద్యోగానికి వచ్చే మనవాళ్ళకు వ్యాకరణం బాగానే వస్తుంది. జర్మన్ భాషలో బీ1 లేదా బీ2 స్థాయి పరీక్ష గట్టెక్కే వస్తారు. అయినా వార్డులో ఫోనెత్తి మాట్లాడితే అవతలివాళ్ళు "వీ బిట్టె?" అని మళ్ళీ అడుగుతారు. నేను గమనించినంతలో చిక్కంతా పొడవాటి సమాసాల దగ్గరే. మన నాలుకకు అలవాటైన సంధి అక్కడ అడ్డొస్తుంది.

"మీ ఊరు ఏది" అని మనం విడదీసి అనం, "మీ ఊరేది" అంటాం. జర్మన్‌లో అలా కుదరదు. సమాసంలో రెండో మాట అచ్చుతో మొదలైతే, దాని ముందు గొంతు క్షణంపాటు మూసుకుని తెరుచుకోవాలి. దీన్ని క్నాక్‌లౌట్ అంటారు. రాతలో దీనికి గుర్తేమీ ఉండదు, అందుకే పుస్తకం చదివి పట్టుకోవడం కష్టం. ఎమర్జెన్సీ విభాగం నోట్-ఔఫ్‌నామె, రక్తం తీయడం బ్లూట్-ఆప్‌నామె, గుండెపోటు హెర్ట్స్-ఇన్‌ఫార్క్ట్. కలిపి పలికితే పేషెంటు, అందులోనూ వినికిడి తగ్గిన ముసలివాళ్ళు, ఆ మాటను పోల్చుకోలేరు. స్విట్జర్లాండ్‌లో ఈ విరుపు తక్కువే. అక్కడ పనిచేసేవాళ్ళు అక్కడివాళ్ళ మాట విని నేర్చుకోవాలి.

ఎక్కడ విరవాలో తెలియాలంటే మాటను వెనక నుంచి చదవాలి. బ్లూట్-డ్రుక్-మెస్-గెరేట్‌లో (బీపీ చూసే పరికరం) అసలు మాట చివరి గెరేట్, అంటే పరికరం. అది నపుంసకలింగం కాబట్టి మొత్తం మాటకు ముందు "డాస్" అనే ఆర్టికల్ వస్తుంది. ఊనిక మాత్రం మొదటి ముక్క మీద, బ్లూట్ మీద పడుతుంది. మనం అక్షరాలన్నీ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాం, అలా పలికితే మాట ఎక్కడ మొదలైందో వాళ్ళకు తెలియదు.

మధ్యలో వచ్చే "స్" ఇంకో ఆనవాలు. -ఉంగ్, -హైట్, -కైట్, -షాఫ్ట్‌లతో ముగిసే మాటకు ఇంకోటి చేరితే నడుమ స్ వస్తుంది, అది ముందు ముక్కదే. సిక్ లీవుకు డాక్టరిచ్చే ధ్రువపత్రం ఆర్బైట్స్-ఉన్‌ఫేయిష్‌కైట్స్-బెషైనిగుంగ్. 2023 నుంచి దాన్ని యాజమాన్యమే ఇన్సూరెన్స్ సంస్థ నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటోంది, కాగితం మోసే పని చాలామందికి తప్పింది. ఆ పేరు పలికే పని మాత్రం తప్పలేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన జంట వాఖ్‌ష్టట్సియోన్, వాక్స్‌టూమ్. మొదటిది రోగులను కనిపెట్టి చూసే వార్డు, రెండోది ఎదుగుదల. జర్మన్ రాతలో రెండిటికీ మొదటి ఆరు అక్షరాలూ (Wachst) ఒకటే. కానీ ఒకదాంట్లో కోత "స్" ముందు పడుతుంది, రెండోదాంట్లో "స్" తర్వాత. అందుకే మొదటిదాంట్లో ఖ్, ష్ట్ వినిపిస్తే రెండోదాంట్లో క్స్, ట్ వినిపిస్తాయి. అర్థం ఎక్కడ అతుక్కుందో తెలిస్తే తప్ప పలకడం రాదని చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అంకెలు కూడా సమాసాలే. బీపీ 158 అంటే హుండర్ట్-ఆఖ్ట్-ఉండ్-ఫ్యున్ఫ్‌త్సిష్, నూట ఎనిమిదీ యాభై అన్న వరుస. డ్యూటీ అప్పగించేటప్పుడు ఇది తారుమారైతే ప్రమాదం. కొత్తగా వచ్చిన చెల్లెళ్ళకు నేను చెప్పేది ఒకటే: సంఖ్య మొత్తం పలికాక, వెంటనే ఐన్స్, ఫ్యున్ఫ్, ఆఖ్ట్ అని విడివిడిగా ఇంకోసారి చెప్పండి.