కొండల్లేని దేశంలో కొండచరియ

ఆదివారం. పొద్దున్నే కరెంటు పోయి తొమ్మిదింటికి గానీ రాలేదు. రాత్రే పిండి రుబ్బి పెట్టుకోవడం వల్ల టిఫిన్ గండం గడిచింది గానీ బట్టలు అలాగే ఉండిపోయాయి. సరే, లాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉంది కదా అని వారం నుంచి వాయిదా వేస్తున్న పని ముందేసుకున్నాను. ఖాళీ ఉన్నప్పుడు ఒక తెలుగు విజ్ఞాన సర్వస్వానికి వ్యాసాలు సరిచూసి పెడుతుంటాను, జీతం లేని కొలువు. ఈసారి వచ్చింది కిరిబాటి దేశంలో 2007 అధ్యక్ష ఎన్నికల మీద వ్యాసం. రాసింది డిగ్రీ చదువుతున్న ఒక కుర్రాడు, నన్ను అక్కా అంటాడు.

మొదటి పేరాలోనే ఆగిపోయాను. "అనోటే టోంగ్ కొండచరియ విజయం సాధించాడు" అని ఉంది. అత్తయ్య పక్క గదిలోంచి ఏంటమ్మా నవ్వుతున్నావు అని అడిగేదాకా నవ్వాను. పసిఫిక్ మధ్యలో ముప్పై మూడు దీవులు, బనాబా ఒక్కటి వదిలేస్తే మిగతావన్నీ సముద్రం మీద రెండు మూడు మీటర్ల ఎత్తున ఉన్న పగడపు దిబ్బలు, మొత్తం నేల కలిపితే 811 చదరపు కిలోమీటర్లు. అక్కడ విరిగిపడటానికి చరియ ఎక్కడిది, అసలు కొండ ఉంటే కదా! ల్యాండ్‌స్లైడ్ అన్న ఇంగ్లిషు మాటని మెషీన్‌కి ఇచ్చి అది చెప్పింది దించేశాడన్నమాట. "భారీ మెజారిటీతో గెలిచాడు" అని మార్చాను. రెండు పేరాల కింద "టోంగ్ పదవికి తిరిగి ఇవ్వబడ్డాడు" అని ఇంకోటి, మళ్ళీ ఎన్నికయ్యాడు అనడానికి. దానికి నవ్వు రాలేదు, అప్పటికి నీరసం వచ్చింది.

తర్వాత పేర్ల గొడవ. కిరిబాటి వాళ్ళ భాషకి రోమన్ లిపి ఇచ్చినప్పుడు "స" శబ్దానికి వేరే అక్షరం పెట్టలేదు, చాలాచోట్ల "టి" అని రాసి "స్" అని పలుకుతారు. కిరిబాటి అని రాస్తే కిరిబాస్ అని చదవాలి. గిల్బర్ట్స్ అన్న పాత ఇంగ్లిషు పేరే వాళ్ళ నోట్లో పడి అలా అయింది. కిరిటిమాటి అనే దీవి అసలు పేరు క్రిస్మస్ దీవి. అధ్యక్షుణ్ణి బెరెటిటెంటి అని రాస్తారు, అది ప్రెసిడెంట్ అన్న మాటే! ఇంగ్లిషులో రాసేవాడికి బాధ లేదు, స్పెల్లింగు దించేసి చదివేవాడి ఖర్మకి వదిలేస్తాడు. తెలుగులో ఎలా రాస్తే అలాగే చదువుతారు కాబట్టి మనమే ఏదో ఒకటి తేల్చుకోవాలి. మాజీ అధ్యక్షుడు టెబురోరో టీటోని మావాడు "టీటో" అనే రాశాడు, పలకడం మాత్రం సీటో. పావుగంట ఆలోచించి మొదటిసారి వచ్చినచోట రెండూ రాసి, తర్వాత సీటో అని ఉంచేశాను. దేశం పేరు మాత్రం ముట్టుకోలేదు, మన పేపర్లలో కిరిబాటి అని స్థిరపడిపోయింది, ఇప్పుడు నేను మార్చితే ఎవరూ వెతుక్కోలేరు.

ఇవన్నీ పైపై రిపేర్లు. అసలు చిక్కు ఫలితాల పట్టిక దగ్గర వచ్చింది.

పట్టికలో తప్పు లేదు, అంకెలన్నీ సరిపోయాయి. టోంగ్‌కి పదిహేను వేల పైచిలుకు ఓట్లు, సుమారు 64 శాతం. (దేశాధ్యక్షుడికి పడ్డ ఓట్లు ఇవి, మన దగ్గర పెద్ద పంచాయతీల్లో సర్పంచులకి ఇంతకన్నా ఎక్కువ పడతాయేమో.) రెండో స్థానంలో నబుటి మ్వెమ్వెనికరావా, ఆయన టోంగ్ దగ్గరే ఆర్థిక మంత్రిగా చేసినవాడు. ఇంకో ఇద్దరు ఉన్నారు గానీ వాళ్ళ ఓట్లు లెక్కలోకి రావు. కింద ఒక్క వాక్యం: "నలుగురు అభ్యర్థులు పోటీ చేశారు." అంతే. చదివినవాడు ఏమనుకుంటాడు, ఆహా, జనం ఎగబడి ఓట్లేశారు అనుకుంటాడు.

ఆ నలుగురే ఎందుకు ఉన్నారో చెప్పకపోతే ఈ వ్యాసం ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. అక్కడ ఇష్టమొచ్చినవాళ్ళు నామినేషన్ వేయడానికి లేదు. ముందు పార్లమెంటు ఎన్నికలు జరుగుతాయి, గెలిచిన సభ్యులు తమలోంచే ముగ్గురికి తగ్గకుండా నలుగురికి మించకుండా పేర్లు ఎంచి ఇస్తారు, జనం ఓటేసేది వాళ్ళలో ఒకరికి. మన దగ్గర బీ-ఫారం ఎవరికివ్వాలో ఏ పార్టీకి ఆ పార్టీ తేల్చుకుంటుంది. అక్కడ ఎదుటి పార్టీ బీ-ఫారం కూడా సభలో బలం ఉన్నవాళ్ళ చేతిలో ఉన్నట్టు అనుకోండి. 2007లో సభలో టోంగ్ వైపు మొగ్గినవాళ్ళదే పైచేయి. ప్రధాన ప్రతిపక్షం మనేబన్ టె మౌరి నుంచి నిలబడదామనుకున్న ఇద్దరూ, హ్యారీ టోంగ్, టెటావా టైటై, సభ వడపోతలోనే ఎగిరిపోయారు. జనం దాకా రానే లేదు.

హ్యారీ టోంగ్ ఎవరో కాదు, అనోటేకి తోబుట్టువు, డాక్టరు. 2003లో ఆ దేశంలో ఒకే ఏడాది రెండుసార్లు అధ్యక్ష ఎన్నికలు వచ్చాయి. ఫిబ్రవరిలో సీటో గెలిచాడు, మార్చిలో సభ అవిశ్వాసం పెట్టి దించేసింది. అక్కడ రూలు ఏంటంటే అవిశ్వాసంతో అధ్యక్షుణ్ణి దించితే సభ కూడా రద్దయిపోతుంది, దించినవాళ్ళు కూడా మళ్ళీ జనం ముందుకి పోవాల్సిందే (ఇది నాకు భలే నచ్చింది, మన దగ్గర ఉంటే ఎంతమంది చేతులెత్తుతారో చూడాలి). జులైలో మళ్ళీ ఓటింగు, ఈసారి అనోటే మీద హ్యారీ. అనోటేకి 47 శాతం, హ్యారీకి 43. తేడా వెయ్యి చిల్లర ఓట్లు. అంటే నాలుగేళ్ళ ముందు దేశంలో నూటికి నలభై ముగ్గురు ఎవరికి ఓటేశారో ఆ మనిషి పేరు 2007 బ్యాలెట్‌లో లేదు. ఇప్పుడు ఆ 64 శాతాన్ని మళ్ళీ చూడండి.

టోంగ్ చెడ్డవాడని కాదు. సముద్రం పెరిగితే మా దేశం మునిగిపోతుందని ప్రపంచమంతా తిరిగి గొంతు చించుకున్నది ఆయనే, ముందుచూపుతో ఫిజీలో ప్రభుత్వం తరఫున భూమి కొన్నదీ ఆయన హయాంలోనే. కానీ విజ్ఞాన సర్వస్వంలో నాకు కావలసింది ఆయన మంచితనం కాదు, ఆ పోటీలో ఎవరు లేరన్నది.

ఇంతలో ఇంకో చిక్కు. కుర్రాడు ఒకచోట హ్యారీని "తమ్ముడు" అన్నాడు, కింద "అన్న" అన్నాడు. ఇంగ్లిషులో బ్రదర్ అంటే చాలు, పెద్దా చిన్నా అక్కర్లేదు. మన మామూలు మాటల్లో అలాంటిది లేదు. ఇద్దరికీ కుదిరేలా రెండుచోట్లా "సోదరుడు" అని మార్చాను, పెళ్ళి శుభలేఖలా ఉంది గానీ తప్పు మాత్రం లేదు.

మధ్యాహ్నం పప్పుచారు పోపు పెడుతూ అత్తయ్యకి ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగా విని, "పాపం వాళ్ళమ్మ ఎవరికి వేసుంటుందో" అంది. పుట్టింటి ఊళ్ళో సర్పంచి ఎన్నికలప్పుడు అన్నదమ్ములిద్దరూ నిలబడితే వాళ్ళమ్మ ఓటేయడానికే రాలేదట, ఆ రోజు జ్వరమని ముసుగేసుకుని పడుకుందట. ఆ కథ అయ్యేసరికి పోపు మాడింది. మళ్ళీ పెట్టాను.

సాయంత్రం కూర్చుని మిగతాది చూశాను. మనేబా అన్న మాటని "రచ్చబండ" అని రాశాడు. అదేం పెద్ద తప్పు కాదు గానీ మనేబా అంటే పెద్ద తాటాకు కప్పులాంటి ఆకుల పైకప్పు ఉన్న ఊరి సభా మండపం, చాపల మీద కూర్చుంటారు, ఏ వంశం వాళ్ళు ఎక్కడ కూర్చోవాలో తరాల నుంచి చోటు నిర్ణయమై ఉంటుంది. పార్లమెంటు పేరు కూడా అదే, మనేబా ని మౌంగటాబు. రచ్చబండ దగ్గర ముందొచ్చినవాడిదే చోటు. అందుకని మనేబా అనే ఉంచి ఒక వాక్యం వివరణ రాశాను. టోంగ్ పార్టీ బౌటోకాన్ టె కోవాని "సత్య స్తంభాలు" అన్నాడు, అర్థం సరిగ్గానే ఉంది, వదిలేశాను. అన్నీ మనమే మార్చేస్తే రాసినవాడికి ఉత్సాహం పోతుంది.

రాత్రి పది దాటాక వ్యాసం వెనక్కి పంపి, "ఎవరు గెలిచారో బాగా రాశావు, ఎవర్ని నిలబడనివ్వలేదో కూడా ఒక పేరా రాయి, 2003 సంగతి కలుపు" అని చెప్పాను. మనకింకా ఆదివారం రాత్రే, కిరిబాటి రాజధాని టరావాలో అప్పటికి సోమవారం తెల్లవారుజాము నాలుగున్నర. రెండు నిమిషాల్లో జవాబు. "అక్కా, పేరా రేపు రాస్తా. కొండచరియ తీసేశారేంటి, బాగుంది కదా?"

బాగుందిరా బాబూ, అరకులో ఎన్నికలకి వాడుకో అన్నాను. బట్టలు రేపు ఉతకాలి.